సూది వేసే ముందు కాలెత్తి చూడండి

పెండ్లిళ్ళ కాలంలో ఎవరైనా ఫోను చేసి ‘గుర్రం కుంటుతున్నది సార్, నొప్పి సూది కావాలె’ అంటే నేను ముందుగా ఏ కాలు అని అడగను. బారాత్ ఎన్ని గంటలకు అని అడుగుతాను. చాలాసార్లు ‘ఈ రాత్రికే’ అన్న జవాబు వస్తుంది. ఆ ఒక్క మాటతో సగం కథ తెలిసిపోతుంది: కుంటు మూడు నాలుగు రోజుల కిందటే మొదలైంది, దానంతట అదే తగ్గుతుందేమోనని చూశారు, తగ్గలేదు, అడ్వాన్సు మాత్రం నెల కిందటే తీసుకున్నారు. ఇప్పుడు వాళ్ళకు కావలసింది మూడు గంటల పాటు ఆ కుంటు పదిమంది కంట పడకుండా ఉండడం. ఆ పని నా సంచిలో ఉన్న సీసాతో అవుతుంది. అవుతుంది కాబట్టే ఇదంతా రాయవలసి వస్తున్నది.

నేను గుర్రాల నిపుణుణ్ణి కాను. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పశువుల దవాఖానల్లో ముప్ఫై ఏండ్లకు పైగా పనిచేసి రిటైరైన పశువైద్యుణ్ణి. నేను చూసినవన్నీ ఎక్కువగా బర్రెలు, ఎడ్లు, గొర్లు, మేకలు; గుర్రాలు ఏడాదికి ఐదారు వస్తే ఎక్కువ. అయితే ఇది ఎప్పుడూ గుర్రాలు లేని సీమ కాదు. వనపర్తి సంస్థానాధీశులు పెంచిన ఆఫ్రికన్ అశ్వికులే తరువాత నిజాం కొలువులో చేరారు, హైదరాబాదులో నేటికీ ఏసీ గార్డ్స్ అని పిలుచుకునే పేటకు వారి వల్లనే ఆ పేరు వచ్చింది. అంత దూరం పోనక్కరలేదు, జట్కా ఎక్కి బడికి పోయినవాళ్ళు నా తరంలోనే ఉన్నారు. ఆటోలు వచ్చి జట్కాలు పోయినప్పుడు గుర్రంతో పాటు దాని కాలు చూడడం తెలిసిన మనుషులు కూడా పోయారు. ఇప్పుడు మిగిలినవి బారాత్ గుర్రాలు. వాటి మీద పూసల జూలు, జరీ గుడ్డ, పెండ్లికొడుకు, పక్కన డీజే. కాలి కింద తారు రోడ్డో, సిమెంటు రోడ్డో. ఈ అలంకారంలో అందరి చూపూ పైననే ఉంటుంది.

నేను చేసిన తప్పు చెప్పకుండా ఇతరులకు బుద్ధులు చెప్పడం బాగుండదు. చాలా ఏండ్ల కింద ఒక మాఘమాసంలో, దవాఖాన మూసే వేళకు ఒకతను తెల్లని ఆడ గుర్రాన్ని తోలుకొచ్చాడు. తండ్రి కాలం నుంచి జట్కా నడిపిన కుటుంబం. గుర్రం కుడి ముందు కాలు కుంటుతున్నది. ‘జబ్బ జారింది సార్’ అన్నాడు. మా వైపు ముందు కాలు ఏ కారణంతో కుంటినా జబ్బ జారిందనే అంటారు. నేను భుజం మీద గట్టిగా నొక్కాను, గుర్రం ఉలిక్కిపడింది. అంత గట్టిగా నొక్కితే ఏ గుర్రమైనా ఉలిక్కిపడుతుందన్న సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు. చీకటి పడుతున్నది, డెక్క నిండా బురద ఉన్నది, కాలు ఎత్తబోతే అది ఎత్తనివ్వలేదు. ఎత్తనివ్వకపోవడమే నేను అడిగిన ప్రశ్నకు జవాబు అని కూడా నాకు తట్టలేదు. నొప్పి సూది వేసి పంపించాను. ఆ రాత్రి అది పెండ్లికొడుకును మోసుకుంటూ ఊరంతా తిరిగింది.

ఐదో రోజు మూడు కాళ్ళ మీద వచ్చింది. అప్పుడు డెక్క కడిగించి, అరిగిన పొరను కత్తితో గీకితే, మధ్యలో ముక్కోణాకారంగా ఉండే మెత్తని దిమ్మ పక్కన నల్లని చుక్క కనిపించింది, దాని వెంబడి చీము వచ్చింది. అంతకు ముందు పెండ్లిలో పందిరి విప్పుతున్న చోట అది మేకు తొక్కిందని, మేకు దానంతట అదే ఊడిపోయిందని, రక్తం రాలేదు గనుక ఎవరూ పట్టించుకోలేదని అప్పుడు తెలిసింది. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలకు పంపించే సరికి చీము లోపలి ఎముకల సందు దాకా పోయింది. అన్నిటికంటే నన్ను ఇప్పటికీ బాధించే విషయం, చివరికి దాన్ని పడగొట్టింది కుడి కాలు కాదు. బరువంతా మోపుకొని నిలబడిన ఎడమ కాలి డెక్క కూడా లోపల దెబ్బతిని, అది ఇక లేవలేకపోయింది. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. ‘మీరు సూది ఏస్తే ఆ రాత్రి మంచిగనే నడిచింది గద సార్’ అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

మంచిగా నడవడమే దాని ప్రాణం మీదికి వచ్చింది. మేకు చేసిన దారి వెంట మురికి లోపలికి పోతున్నప్పుడు ఆ కాలిని నేలకు ఆనించవద్దని గుర్రానికి చెప్పేది నొప్పి ఒక్కటే. నేను ఆ నోరు నొక్కాను. సూది వేయకపోతే అది ఆ రాత్రి నడవకపోయేది, నడవకపోతే ఎవరో ఒకరు కాలు ఎత్తి చూసేవారు.

కుంటు ఏదో చెప్పబోతున్నదని నమ్మడానికి నల్లగొండ జిల్లా వాళ్ళకు వేరే ఉదాహరణ అక్కరలేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు చెడే ఫ్లోరోసిస్ కథను మనం మనుషుల కథగానే చెప్పుకుంటాం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పేర్లు వినగానే వంగిపోయిన నడుములే కళ్ళ ముందు మెదులుతాయి. అయితే మన దేశంలో ఈ జబ్బు ముందుగా బయటపడింది పశువుల కాళ్ళలోనే. 1930ల మొదట్లో తెలుగు రైతులు తమ ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని గమనించారు. 1934 నాటికే హైదరాబాదు రాజ్యంలోని పశువుల్లో అటువంటి జబ్బు ఉన్నట్టు రాశారు. మనుషుల్లో దాన్ని ఫ్లోరోసిస్‌గా నెల్లూరు జిల్లాలో గుర్తించింది 1937లో. అంటే బావి నీళ్ళలో ఏముందో మనిషికి తెలియడానికి కొన్నేండ్ల ముందే ఎద్దు కుంటి చెప్పింది. అప్పటికి నొప్పి సూదులు మన ఊళ్ళకు రాలేదు గనుక ఆ మాట బయటికి వినిపించింది. కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చాక మనుషుల సంగతి చాలా మారింది గాని పశువు ఇప్పటికీ చాలా చోట్ల బోరు తొట్టిలోనే తాగుతుంది. ఫ్లోరైడు విషయంలో గుర్రం ఆవు, ఎద్దులంత సున్నితమైనది కాదు. అయినా ఈ ప్రాంతంలో ఒక రోజు ఒక కాలు, ఇంకో రోజు ఇంకో కాలు కుంటే పశువు కనిపిస్తే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయా, ఏ నీళ్ళు తాగుతున్నది అని అడగకుండా నేను ముందుకు పోను.

ఇక గుర్రం కాలు చూడడం ఎట్లా అన్నదానికి వస్తాను. ఇది పెద్ద విద్య అని భయపడేవాళ్ళు ఎక్కువ. మొదటి మెట్టుకు రెండు కళ్ళు, గట్టి నేల, తాడు పట్టుకునే ఒక మనిషి చాలు. తాడును వదులుగా పట్టుకోవాలి. బిగించి పట్టుకుంటే తల ఊగడం కనిపించదు, గుర్రపోళ్ళు కొందరు కావాలనే బిగించి పట్టుకుంటారు. మనకు ఎదురుగా ముప్ఫై నలభై అడుగులు నడిపించి, తిప్పి, మళ్ళీ మన దగ్గరికి తేవాలి. తరువాత దుల్కీలో, అంటే ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడే పరుగులో చూడాలి. మామూలు నడకలో దాక్కున్న కుంటు దుల్కీలో బయటపడుతుంది. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేల మీద పడే క్షణంలో గుర్రం తల పైకి లేపుతుంది, బాగున్న కాలు పడినప్పుడు తల దించుతుంది. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకొని బాగున్న కాలికి వైద్యం చేసినవాళ్ళను నేను చూశాను. వెనక కాలు అయితే వెనక నిలబడి నడుము రెండు పక్కలా ఎంతెంత లేచి దిగుతున్నదో చూడాలి; నొప్పి ఉన్న పక్క ఎముక ఎక్కువగా ఊగుతుంది. ఆ తరువాత చిన్న గుండ్రంగా, కుడికీ ఎడమకూ తిప్పాలి.

పాతబస్తీ నుంచి వచ్చి మా వైపు నాల్, అంటే లాడం, కొట్టే ముసలాయన ఒకరు నాకు ఇంకో పద్ధతి నేర్పారు. గుర్రాన్ని తారు రోడ్డు మీద నడిపిస్తూ నన్ను కళ్ళు మూసుకోమన్నారు. నాలుగు కాళ్ళ చప్పుళ్ళలో ఒకటి మిగతా వాటికంటే మెత్తగా, తడబడుతూ పడుతుంది. గుర్రం ఆ కాలి మీద బరువు వేయడానికి జంకుతున్నది. తొలి రోజు నాకు అన్ని చప్పుళ్ళూ ఒకటిగానే వినిపించాయి. నెల రోజులకు తేడా తెలిసింది. చదువులో నేర్చుకున్న తూకం కూడా పనికిరాకపోలేదు: అమెరికాలోని గుర్రాల వైద్యుల సంఘం కుంటును సున్నా నుంచి ఐదు దాకా అంచెలుగా కొలుస్తుంది. మామూలు నడకలోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తే నాలుగు, కాలు దాదాపు ఆనించలేకపోతే ఐదు. ఈ అంకె రాసి పెట్టుకుంటే వారం తరువాత తగ్గిందో పెరిగిందో జ్ఞాపకం మీద కాకుండా కాగితం మీద తెలుస్తుంది. ఇప్పుడు సెల్‌ఫోను వీడియో ఆ పని ఇంకా బాగా చేస్తుంది.

ఏ కాలో తేలాక, వాపు ఎక్కడ కనిపించినా సరే, ముందు డెక్క చూడాలి. గుర్రం బరువులో నూటికి అరవై వంతుల దాకా ముందు కాళ్ళ మీదే పడుతుంది, ముందు కాళ్ళ కుంటులో ఎక్కువ పాలు డెక్కలోనే పుడుతుంది. డెక్క బిగువైన పెట్టె లాంటిది. లోపల చీము పట్టినా ఉబ్బడానికి చోటుండదు. అందుకే బయటికి ఏమీ కనిపించదు, లోపల మాత్రం నొప్పి భరించరానిదిగా ఉంటుంది. ఏమీ కనిపించదు గనుకనే మన కన్ను పైకి పోయి జబ్బ దగ్గర ఆగుతుంది. నీళ్ళతో కడిగి, సందుల్లో ఇరుక్కున్న మట్టి, కంకర తీసి, అరికాలిని బాగా వెలుతురులో చూడాలి. రెండు డెక్కల మీదా చేతులుంచి ఏది వేడిగా ఉందో పోల్చుకోవాలి. డెక్కకు పైనున్న కీలు వెనక భాగంలో రెండు పక్కలా వేలు పెడితే నాడి తెలుస్తుంది. మామూలు రోజుల్లో అది అంతంతమాత్రంగానే అందుతుంది, డెక్కలో మంట ఉన్నప్పుడు టకటకా కొట్టుకుంటుంది. బాగున్న రోజున తన గుర్రం నాడి ఎట్లా ఉంటుందో యజమానికి తెలిసి ఉంటే నా పని సగం తగ్గుతుంది. ఆపైన పెద్ద పటకారు వంటి పరికరంతో అరికాలిని అంగుళం అంగుళం నొక్కుతూ పోతే ఒకచోట గుర్రం కాలు లాక్కుంటుంది. అప్పటికీ తేలకపోతే మత్తు మందును ఒక్కో నరం దగ్గర కింది నుంచి పైకి వరుసగా వేసి, ఏ సూదితో కుంటు మాయమవుతుందో చూసి నొప్పి ఉన్న చోటును పట్టుకుంటారు. ఎక్స్‌రే, స్కానింగ్ ఆ తరువాత. ఈ చివరి పనులకు రాజేంద్రనగర్ పోవలసిందే. ముందు పనులకు ఎక్కడికీ పోనక్కరలేదు.

డెక్కలో చీమే తేలితే అంత భయపడే పని లేదు. ఒక్క రాత్రిలో గుర్రం మూడు కాళ్ళ మీదకు వస్తుంది, కాలు విరిగిందేమో అనిపించేంతగా కుంటుతుంది. చీముకు దారి చేసి బయటికి వదిలితే మర్నాటికి సగం తేలిక పడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ వేసి కాలు నానబెట్టడం, శుభ్రమైన కట్టు, పొడి నేల, ధనుర్వాతం టీకా. ఈ చివరిది మరిచిపోతే మాత్రం క్షమార్హం కాదు. పెంపుడు జంతువుల్లో ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా దొరికిపోయేది మరొకటి లేదు.

మేకు దిగిన కాలు సంగతి వేరు. అరికాలి అంచున దిగితే ఒక తీరు, నడిమి భాగంలో, ఆ మెత్తని దిమ్మలో గాని దాని పక్క గాడిలో గాని దిగితే ఇంకో తీరు. నడిమి భాగానికి పైన కాలును వంచే స్నాయువు, ఒక తిత్తి, చిన్న పడవ ఆకారపు ఎముక, కీలు వరుసగా ఉన్నాయి. మేకు ఇంకా దిగబడే ఉంటే, చూసిన వెంటనే పీకేయాలని చేతులు ఆరాటపడతాయి. పీకకండి. అది ఇంకా లోపలికి పోకుండా డెక్క చుట్టూ గుడ్డలు, చెక్క ముక్కలు కట్టి, డాక్టరు వచ్చి ఎంత లోతు, ఏ వాలులో పోయిందో ఎక్స్‌రేలో చూసేదాకా అట్లాగే ఉంచాలి. పీకితే రంధ్రం మూసుకుపోతుంది, లోపలికి పోయిన దారి మళ్ళీ దొరకదు. విధి లేక పీకవలసి వస్తే ఏ చోట, ఎంత పొడవు, ఎటు వాలి ఉందో ఫోటో తీసి, మేకును కూడా దాచిపెట్టండి. ఈ గాయంలో గంటలే లెక్క. షామియానాలు, స్టేజీలు విప్పే ఆవరణలో గుర్రాన్ని కట్టేయడమంటే మేకుల మీద కట్టేయడమే. ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు కార్లు నిలిపే చోటు ఊడ్పించినట్టు గుర్రం నిలిపే చోటు ఊడ్పిస్తే ఎంత ఖర్చవుతుంది?

రెండో ప్రమాదం తిండి వల్ల వస్తుంది. సీజన్‌లో బలం కోసమని మక్కలు, గోధుమలు ఒక్కసారిగా పెంచేస్తారు, లేదా రాత్రి తాడు తెంపుకున్న గుర్రం బస్తాలో మూతి పెడుతుంది. పేగుల్లో ఆ గింజ పులిసి విషమై, డెక్క గోడనూ లోపలి ఎముకనూ పట్టి ఉంచే సన్నని పొరలు వాచి ఊడిపోవడం మొదలవుతుంది. దాన్ని లామినైటిస్ అంటారు. అప్పుడు గుర్రం ముందు కాళ్ళు ముందుకు చాపి, వెనక కాళ్ళు పొట్ట కిందికి లాక్కొని, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. ఈనిన గుర్రానికి మూడు గంటల్లో మావి పడకపోయినా ఇదే ముప్పు. కడుపునొప్పికి నడిపించినట్టు దీనికీ నడిపిస్తే సర్దుకుంటుందని మా వైపు అంటారు. ఒక్కో అడుగుకూ ఆ పొరలు ఇంకాస్త తెగుతాయి, చివరికి ఎముక కిందికి తిరిగి అరికాలిలోంచి పొడుచుకొస్తుంది. నడిపించకుండా మెత్తని ఇసుకలో నిలబెట్టి, తొలి రెండు మూడు రోజులు డెక్కలను మంచుగడ్డల నీళ్ళలో ఉంచాలి. ఏ ఊళ్ళో చూసినా పెండ్లి భోజనాలకు ఐస్ దొరుకుతుంది, గుర్రానికి మాత్రం దొరకదంటారు.

తవుడు గురించి చెప్తే చాలామందికి కోపం వస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వడ్లు, మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు. తవుడు చవక, గుర్రం ఇష్టంగా తింటుంది, ఒళ్ళు నిగనిగలాడుతుంది. అయితే తవుడులో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కాల్షియమే కనీసం సమానంగా, వీలైతే ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆ లోటును శరీరం తన ఎముకల్లోంచి తోడుకుంటుంది. పై నుంచి వరిగడ్డి, నేపియర్ వంటి గడ్డిలో ఉండే ఆక్సలేట్లు ఉన్న కాల్షియంను కూడా ఒంటికి పట్టనివ్వవు. కొన్ని నెలలకు ఆ కాలు కొన్ని రోజులు, ఈ కాలు కొన్ని రోజులు కుంటడం, గట్టి మేత నమలలేకపోవడం, చివరికి ముఖం ఎముకలు ఉబ్బి తల పెద్దదిగా కనిపించడం. పూర్వం పిండిమరల వాళ్ళ గుర్రాలకు ఎక్కువగా వచ్చేది కనుక ఇంగ్లీషువాళ్ళు దీన్ని మరవాళ్ళ జబ్బు అనేవారు. ఇటువంటి గుర్రానికి ఎన్ని నొప్పి సూదులు వేసినా ఎముక రాదు. తవుడు తగ్గించి, సున్నపురాయి పొడి తగు మోతాదులో కలిపి, లూసర్న్ గడ్డి గాని బూజు పట్టని వేరుశనగ కట్టె గాని పెట్టాలి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌లో వేరుశనగ కట్టెకు కొదవ లేదు. గుర్రం పోషణలో మనకున్న ఈ ఒక్క సౌకర్యాన్నీ వాడుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది.

నాల్ విషయంలో నా వాదన కాస్త కఠినంగా ఉంటుంది. డెక్క నెలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాల్ విప్పి, డెక్క చెక్కి, మళ్ళీ కొట్టించాలి. మా వైపు నాల్ ఊడి పడేదాకా ఆగుతారు, ఎందుకంటే కొట్టేవాళ్ళు దొరకరు, హైదరాబాదు నుంచి పిలిపిస్తే ప్రయాణపు ఖర్చులూ ఇవ్వాలి. ఈలోగా డెక్క ముందుకు సాగి, వెనక స్నాయువు మీద లాగుడు పెరుగుతుంది. ఆ స్నాయువు తెగితే, అందరూ నరం బెణికిందనే ఆ దెబ్బ ఆరు నెలలకు తక్కువ కాకుండా, ఒక్కోసారి ఏడాది దాకా మానదు. నొప్పి వారంలో తగ్గుతుంది, అతుకు మాత్రం పడదు. ఈ రెంటి మధ్య తేడా తెలియక రెండోసారి తెంపుకున్న గుర్రాలే ఎక్కువ. నాల్ కొట్టే మేకు అరికాలి అంచున కనిపించే తెల్ల గీతకు బయటే దిగాలి. లోపలికి దిగితే గుర్రం అప్పుడే కాలు లాక్కుంటుంది, ఆనుకొని దిగితే రెండు మూడు రోజులకు కుంటుతుంది. కొత్త నాల్ కొట్టించిన వారంలోగా కుంటు వస్తే ముందు మేకులను అనుమానించాలి. ఈ పని తెలిసినవాళ్ళు జిల్లాకు ఇద్దరైనా లేనప్పుడు గుర్రాల సంక్షేమం గురించి ఎన్ని మాటలు చెప్పినా గాలిలో కలిసిపోతాయి. గొర్రెల పెంపకానికి శిక్షణలున్నాయి, కోళ్ళకున్నాయి. లాడాలు కొట్టే విద్యకు మన పల్లెల్లో ఒక్క శిక్షణ శిబిరం పెట్టినట్టు నేను చూడలేదు.

వాతలు పెట్టడం, జీడి రసం పూయడం గురించి ఒక్క మాట చాలు. వాత పెట్టిన గుర్రం పుండు మానేదాకా ఎట్లాగూ పని చేయలేదు. బాగుపడితే ఆ విశ్రాంతికే బాగుపడింది. కాల్చకుండానే విశ్రాంతి ఇవ్వవచ్చు.

నొప్పి మందులకు నేను విరోధిని కాను. ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లునిక్సిన్, మెలాక్సికామ్ ఏ కారణంతో ఎన్నాళ్ళు వాడుతున్నామో తెలిసి వాడినప్పుడు గుర్రానికి మేలే చేస్తాయి. లామినైటిస్‌లో అవి లేకుండా ఒక్క రోజు గడవదు. కానీ ఎండాకాలం ఊరేగింపుకు ముందు, నీళ్ళు సరిగ్గా తాగని గుర్రానికి, వారానికి మూడుసార్లు ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. మందుల దుకాణంలో మనుషుల డైక్లోఫెనాక్ కొని పొడిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పశువులకు వాడిన ఆ మందు రాబందుల వంశాన్నే దాదాపు తుడిచిపెట్టింది గనుక 2006లో దాన్ని పశువుల వాడకం నుంచి నిషేధించారు. దొడ్డిదారిన రాకుండా 2015లో మనుషుల పెద్ద సీసాలను కూడా ఆపారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా ఆ జాబితాలో చేర్చారు. ఇక జబ్బుతోనో గాయంతోనో పనికి తగని జంతువును పనిలో పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. సూదితో కుంటు కనిపించకుండా చేస్తే నేరం కూడా కనిపించకుండా పోతుంది. ఆ సూది వేసిన చేయి నాదైతే అందులో నా పాలు కూడా ఉన్నది.

యజమానుల పక్షాన చెప్పవలసింది ఉన్నది, నేను దాన్ని తేలిగ్గా తీసేయను. ఏడాదిలో ముహూర్తాలున్న నెలలు కొన్నే, ఆ రాబడితోనే మిగతా నెలలు మనిషీ గుర్రమూ బతకాలి. మూఢం వచ్చిందంటే ఇంట్లో పొయ్యి కూడా ఆలోచించి వెలుగుతుంది. ‘నాలుగు రోజులు కట్టేస్తే మేత నువ్వు ఏస్తవా సార్’ అని ఒకతను నన్ను ముఖం మీదే అడిగాడు. అతనికి నేను ఇవ్వగలిగిన జవాబు లెక్కలదే: మొదటి రోజే కాలు ఎత్తి చూసిన చీముకు వారం విశ్రాంతి, సూదితో నడిపించిన చీముకు గుర్రమే పోతుంది. ఇద్దరు ముగ్గురు యజమానులు మాట పెట్టుకొని, ఒకరి గుర్రం కుంటితే మరొకరి గుర్రం పోయేటట్టు, అడ్వాన్సు సర్దుకునేటట్టు చేయవచ్చు. ఆటోలవాళ్ళు సీరియల్ పాటిస్తున్నారు గదా. పెండ్లివారి మీద కూడా బాధ్యత ఉన్నది. లక్షలు పోసి అద్దెకు తెచ్చిన కారు టైర్లలో గాలి ఉందా అని తట్టి చూస్తారు, పిల్లవాణ్ణి ఎక్కించే ముందు గుర్రాన్ని పది అడుగులు నడిపించి చూపించమని అడగరు. తల ఊగితే ఎక్కించకండి. మీ పిల్లవాడు కింద పడతాడన్న భయంతోనైనా ఎక్కించకండి.

మొన్న మాఘంలో రాత్రి ఎనిమిదికి అట్లాంటి ఫోనే వచ్చింది. సూది లేదు, వీడియో పంపమన్నాను. వీధి దీపం కింద తీసింది గనుక తల సరిగ్గా కనిపించలేదు, సిమెంటు రోడ్డు మీద చప్పుడు మాత్రం వినిపించింది. మూడు గట్టిగా, ఒకటి మెత్తగా. నాల్ ఎప్పుడు కొట్టించావంటే నాలుగు రోజులైందన్నాడు. ఎడమ ముందు కాలు ఎత్తి, స్పూనుతో ఒక్కో మేకు తల మీద తట్టించాను. బయటి వైపు మూడో మేకు దగ్గర గుర్రం కాలు గుంజుకున్నది. ‘ఇదే సార్’ అని అరిచాడు, ఏదో దొరికినవాడిలాగా. ఆ రాత్రికి నాల్ కొట్టినాయన దొరకలేదు, నా మాట ప్రకారం గుర్రాన్ని మెత్తని నేల మీద కట్టేసి మర్నాడు పొద్దున తీయించారు, మేకు వెంట నల్లని చుక్క తడి వచ్చిందట. వారం దాకా దాన్ని బయటికి తేలేదు. ఆ రాత్రి పెండ్లికొడుకు ఓపెన్ టాప్ జీపులో వచ్చాడని, ఆడపెండ్లివాళ్ళు కాసేపు గొణిగి ఊరుకున్నారని చెప్పాడు.